పాత కార్ల లైట్లు ఎందుకు మసకబారుతాయి? వందేళ్ల కిందటే దారి చూపిన రాబర్ట్ బాష్ కథ ఇదీ..

జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ వైపు పోయే 63వ నంబర్ జాతీయ రహదారి మీద రాత్రిపూట పాత అంబాసిడర్ నడిపిన వాళ్లను ఎవరినైనా అడగండి. ఎదురుగా లారీ వచ్చిందంటే మన కారు లైట్లు వెలుగుతున్నాయో లేదో కూడా అర్థం కాదు. పసుపు బస్తాల ట్రాక్టర్ వెనక లైటు లేకుండా ముందు పోతూ ఉంటుంది. పక్క పొలంలోంచి బర్రె ఎప్పుడు రోడ్డెక్కుతుందో తెలియదు. సిరిసిల్ల నుంచి వేములవాడ పోయే రోడ్డైనా, కామారెడ్డి వైపు రోడ్డైనా ఇదే పరిస్థితి.

అప్పుడు అందరూ చేసే మొదటి పని బల్బు మార్చడం. 60 వాట్ల బల్బు తీసేసి 100 వాట్లది పెట్టిస్తారు. రెండు మూడు రోజులు బాగానే ఉంటది. ఆ తర్వాత డ్యాష్‌బోర్డు వెనక నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన మొదలవుతుంది. షెడ్డుకు తీసుకుపోతే ఎలక్ట్రీషియన్ కరిగిపోయిన స్విచ్ తీసి చూపిస్తాడు. రిలే వెయ్యాల్సింది అన్నా అంటాడు. చేతిలో అగ్గిపెట్టెంత నల్ల డబ్బా పెడతాడు. ఏ కంపెనీ తయారు చేసినా సరే, చాలా షెడ్లలో దాన్ని బాష్ రిలే అనే పిలుస్తారు.

ఇంతకీ ఎవరీ బాష్? కంపెనీ పేరు అందరికీ తెలుసు. ప్లగ్గు మీద, డీజిల్ పంపు మీద, డ్రిల్లింగ్ మిషన్ మీద చూస్తూనే ఉంటాం. కానీ అది ఒక మనిషి పేరు. కారులో లైటు అంటే ఒక్క బల్బు కాదని, దాని వెనక మొత్తం ఒక ఏర్పాటు ఉండాలని వ్యాపారంగా నిరూపించిన వాళ్లలో ఆయన ఒకరు. పాత కారు లైట్లు బాగు చేయించాలనుకునే వాళ్లు ఆయన కథ తెలుసుకుంటే చాలా డబ్బు, కొన్నిసార్లు కారు కూడా మిగులుతుంది.

పన్నెండు మందిలో పదకొండో వాడు

రాబర్ట్ బాష్ 1861 సెప్టెంబర్ 23న దక్షిణ జర్మనీలో ఉల్మ్ పట్టణం దగ్గర ఆల్బెక్ అనే ఊళ్లో పుట్టాడు. 12 మంది పిల్లల్లో 11వ వాడు. తండ్రి సెర్వేషియస్ బాష్‌కు పొలం ఉంది, బండ్ల వాళ్లు దిగే సత్రం ఉంది. కలిగిన కుటుంబమే. పుస్తకాలు చదివే అలవాటున్న ఇల్లు. 1869లో కుటుంబం ఉల్మ్‌కు మారింది.

బడి చదువు రాబర్ట్‌కు పెద్దగా ఎక్కలేదు. చెట్లు, జంతువులు అంటే ఇష్టం. కానీ తండ్రి సూక్ష్మ పరికరాల మెకానిక్ పని నేర్చుకుంటావా అని అడిగితే సరే అన్నాడు. అలా పనిలో చేరాడు. అక్కడ నేర్పాల్సిన యజమాని మాత్రం సరిగా పట్టించుకోలేదు. ఆ సంగతి రాబర్ట్ జీవితాంతం మర్చిపోలేదు. సొంత కంపెనీ పెద్దదయ్యాక, 1913లో, పని నేర్చుకునే కుర్రాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టించాడు. మన దగ్గర షెడ్లలో పానాలు అందిస్తూ, తిట్లు తింటూ పని నేర్చుకున్న వాళ్లకు ఈ బాధేంటో చెప్పక్కర్లేదు.

పని నేర్చుకున్నాక ఊళ్లు పట్టుకు తిరిగాడు. 1884లో అమెరికా పోయాడు. న్యూయార్క్‌లో థామస్ ఎడిసన్ కంపెనీలో పనిచేశాడు. అక్కడే కార్మికుల సంఘంలో కూడా చేరాడు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో సీమెన్స్ కంపెనీలో కొన్నాళ్లు. అప్పటికి కరెంటు అనేది ప్రపంచానికి కొత్త విద్య. దాన్ని ఆ రోజుల్లో అందరికంటే ముందున్న చోట చూసి వచ్చాడన్నమాట.

తిరిగొచ్చి 1886 నవంబర్ 15న స్టుట్‌గార్ట్‌లో ఒక ఇంటి వెనక భాగంలో చిన్న వర్క్‌షాపు తెరిచాడు. పెట్టుబడి తండ్రి ఆస్తి నుంచి వచ్చిన వాటా, 10 వేల మార్కులు. మనుషులు ఇద్దరే.. ఒక మెకానిక్, ఒక పనిపిల్లగాడు. ఆ మరుసటేడు అన్నా కైజర్‌తో పెళ్లి.

బోర్డు పెద్దగా ఉన్నా లోపల చేసింది మాత్రం దొరికిన పనల్లా. కాలింగ్ బెల్లులు బిగించడం, టెలిఫోన్లు పెట్టడం, పిడుగు తీగలు సరిచూడటం.. వచ్చిన పని వద్దనలేదు. దూరంగా ఉన్న కస్టమర్ల దగ్గరకు సైకిల్ మీద పోయేవాడు. 1890ల మొదట్లో గిరాకీ పడిపోయి పనివాళ్లలో చాలామందిని పంపించేయాల్సి వచ్చింది. ఇంటివాళ్లు అప్పుకు హామీ ఉంటే తప్ప బ్యాంకు దగ్గర నిలబడలేని రోజులవి. ఈ దశలో దుకాణం మూసేసి ఉంటే ఇవాళ ఆ పేరు ఎవరికీ తెలిసేది కాదు.

నిప్పురవ్వ పుట్టించిన డబ్బా

1887లోనే ఒక మిషన్ల తయారీదారు వచ్చి, ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో ఒకటి చేసివ్వమన్నాడు. డాయిట్జ్ అనే కంపెనీ ఇంజిన్లకు అలాంటిది ఉండేది. బాష్ పోయి దాన్ని చూశాడు. దాని పేటెంట్ సంగతి కనుక్కున్నాడు. ఆ తర్వాత ఇంకొంచెం మెరుగ్గా చేసిచ్చాడు. అంటే మాగ్నెటో ఆయన కనిపెట్టింది కాదు. ఈ విషయం చాలా చోట్ల తప్పుగా రాస్తుంటారు. ఉన్నదాన్ని నమ్మకంగా పనిచేసేలా చేయడమే ఆయన ప్రత్యేకత.

మాగ్నెటో అంటే తెలియని వాళ్లు పాత సైకిల్ డైనమో గుర్తు చేసుకోండి. చక్రం తిరిగితే అయస్కాంతం, తీగచుట్ట ఒకదాని దగ్గర మరొకటి కదిలి కరెంటు పుడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు. అదే కరెంటుతో ఇంజిన్ లోపల నిప్పురవ్వ పుట్టిస్తే పెట్రోలు మండుతుంది. సూత్రం ఇంతే.

కానీ ఇవన్నీ ఒక్కచోట నిలబడి నెమ్మదిగా తిరిగే ఇంజిన్లు. కార్ల కథ వేరు. అప్పటి కార్లలో కొన్నింటికి బ్యాటరీతో నిప్పురవ్వ వచ్చేది, బ్యాటరీ కొంత దూరానికే అయిపోయేది. మరికొన్నింటిలో మంటతో ఎర్రగా కాల్చిన గొట్టం పెట్టేవాళ్లు. పెట్రోలు పక్కన మంట! ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

1897లో ఫ్రెడరిక్ సిమ్స్ అనే వ్యాపారి డి డియాన్-బూటాన్ కంపెనీ మూడు చక్రాల మోటారు బండి ఒకటి బాష్ దగ్గరకు పంపాడు. దీనికి మాగ్నెటో పెట్టగలవా అన్నది సవాలు. దాని ఇంజిన్ పాత ఇంజిన్ల కంటే ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది. బరువైన తీగచుట్ట ఆ వేగానికి అటూ ఇటూ ఊగలేదు. బాష్ దగ్గర పనిచేసే ఆర్నాల్డ్ జారింగర్‌కు ఒక ఉపాయం తట్టింది. బరువైన తీగచుట్టను కదలకుండా ఉంచి, దాని చుట్టూ తేలికైన లోహపు తొడుగును కదిలించాడు. బండి నడిచింది.

1902లో గాట్లబ్ హోనోల్డ్ అనే ఇంజినీరు మరో అడుగు ముందుకేశాడు. ఎక్కువ వోల్టేజీ ఇచ్చే మాగ్నెటో, దానికి జతగా స్పార్క్ ప్లగ్. ఇక వెనక్కి తిరిగి చూడలేదు. 1906 నాటికి లక్షో మాగ్నెటో తయారైంది.

ఈ హోనోల్డ్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

కార్బైడ్ దీపాల కాలం

ఇక లైట్ల సంగతికి వద్దాం. 1910 ప్రాంతంలో కారుకు రాత్రి దారి చూపించేది కరెంటు కాదు, కార్బైడ్. అవును.. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడొద్దని అధికారులు ఏటా దాడులు చేసే అదే కాల్షియం కార్బైడ్. జగిత్యాల చల్‌గల్ మామిడి మార్కెట్ తెలిసిన వాళ్లకు దీని వాసన కూడా తెలిసే ఉంటుంది. దాని మీద నీటి చుక్కలు పడితే ఎసిటిలిన్ గ్యాస్ పుడుతుంది. ఆ గ్యాస్‌ను గొట్టం ద్వారా దీపంలోకి పంపి అగ్గిపుల్లతో వెలిగించేవాళ్లు. వెలుగు బాగానే ఉండేది. కానీ ప్రయాణానికి ముందు నీళ్లు పోయాలి, కార్బైడ్ నింపాలి, కారు దిగి ఒక్కో దీపం వెలిగించాలి. పని అయ్యాక సున్నపు బురద కడగాలి. గట్టి గాలో వానో వస్తే అంతే సంగతులు.

కరెంటు లైటు అప్పటికే లేక కాదు. అమెరికాలో 1898లోనే ఒక ఎలక్ట్రిక్ కారుకు కరెంటు దీపాలు పెట్టారు. 1912 కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ తయారు చేసిన సెల్ఫ్ స్టార్టర్, లైట్లు కలిపి వచ్చాయి. కాబట్టి కారుకు మొదటి కరెంటు లైటు ఇచ్చింది బాషే అంటే అబద్ధమవుతుంది.

1913లో బాష్ కంపెనీ అమ్మకానికి తెచ్చింది వేరే. దాని పేరు బాష్ లైట్. అందులో హెడ్‌లైట్లు ఉన్నాయి. కరెంటు పుట్టించే డైనమో ఉంది. దాచుకునే బ్యాటరీ ఉంది. ఇంజిన్ వేగం ఎలా మారినా వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ ఉంది. నాలుగూ ఒకదానికొకటి సరిపోయేలా తయారు చేసి, ఒకే సెట్టుగా ఇచ్చారు. దీని రూపకల్పనలో ముందున్నది మళ్లీ హోనోల్డే.

నాలుగూ ఎందుకు కావాలో ఒక్కసారి ఆలోచించండి. డైనమో ఒక్కటే ఉంటే ఇంజిన్ స్లోగా ఉన్నప్పుడు లైటు గుడ్డి దీపం, రేస్ పెంచితే బల్బు ఫట్. పాత లూనా, రాజ్‌దూత్ నడిపిన వాళ్లకు ఇది బాగా అనుభవం. ట్రాఫిక్‌లో ఆగితే లైటు డల్ అవుతుందని యాక్సిలేటర్ తిప్పుతూ నిలబడేవాళ్లు. బ్యాటరీ ఒక్కటే ఉంటే కొన్ని గంటల్లో ఖాళీ. రెండూ ఉండి రెగ్యులేటర్ లేకపోతే బ్యాటరీ ఉడికిపోతుంది. రెగ్యులేటర్‌తో పాటు పనిచేసే భాగాన్నే మన షెడ్లలో కటౌట్ అంటారు. ఇంజిన్ ఆగినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా ఆపేది అదే.

బాష్ అమ్మింది దీపాన్ని కాదు, ఆ మొత్తం సర్క్యూట్‌ని. అంబాసిడర్ విషయంలో ఇవాళ మనం మర్చిపోతున్నదీ ఇదే.

అంబాసిడర్‌లో ఏం జరుగుతుంది?

అంబాసిడర్ 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు మీద ఆధారపడింది. 2014లో తయారీ ఆగేదాకా పై రూపం పెద్దగా మారలేదు. పాత బండ్లలో హెడ్‌లైట్ కరెంటు నడిచే దారి చూడండి. బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డులో ఉన్న స్విచ్‌కు వస్తుంది. అక్కడి నుంచి ఎడమ కాలు కింద ఉన్న డిమ్-డిప్ స్విచ్‌కు పోతుంది. అక్కడి నుంచి మళ్లీ ఇంజిన్ గది దాటి ముందున్న లైట్లకు పోతుంది. ఇన్ని మీటర్ల సన్న తీగ, ఇన్ని జాయింట్లు. ఒక్కో జాయింటు దగ్గర తుప్పు. కాలి కింది స్విచ్‌లో బురద, వాన నీళ్లు. చివరికి బల్బు దగ్గరకు చేరే వోల్టేజీ ఎంతో టెస్టర్ పెట్టి చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు.

ఇక్కడ ఒక లెక్క తప్పక తెలుసుకోవాలి. మామూలు ఫిలమెంట్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 10 శాతం తగ్గదు. దాదాపు 30 శాతం పడిపోతుంది. అంటే 12 వోల్టులు రావాల్సిన చోట 10.8 వచ్చినా మూడో వంతు వెలుగు పోయినట్టే. బల్బు మంచిదే, అద్దం మంచిదే. దారిలో తీగ తినేసింది.

ఇప్పుడు 100 వాట్ల బల్బులు పెట్టారనుకోండి. 60 వాట్లవి రెండూ కలిపి 10 ఆంపియర్లు లాగుతాయి. 100 వాట్లవి రెండైతే 16, 17 ఆంపియర్లు. తీగ అదే, స్విచ్ అదే. ఎక్కువ కరెంటు పోతే దారిలో నష్టం కూడా ఎక్కువ. ఆ నష్టమంతా వేడిగా మారుతుంది. అందుకే స్విచ్ కరిగేది. డైనమో ఉన్న పాత బండి అయితే ఇంకో చిక్కు. ఆ కాలపు బ్రిటిష్ కార్ల డైనమో గట్టిగా తిరిగినప్పుడు ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లే. లైట్లకే 17 పోతే ఇగ్నిషన్‌కు, వెనక లైట్లకు, వైపర్‌కు మిగిలేదెంత? వానాకాలం రాత్రి ఒక గంట నడిపితే బ్యాటరీ దిగిపోతుంది. పైగా ఎదురొచ్చే డ్రైవర్ కళ్లు మిరుమిట్లు గొలిపే బల్బులు నిబంధనలకు కూడా విరుద్ధం. మనకు దారి కనిపిస్తే సరిపోదు కదా, ఎదుటివాడికీ కనిపించాలి.

మరి రిలే ఏం చేస్తుంది? పాత స్విచ్‌ను పెద్ద కరెంటు మోసే పని నుంచి తప్పిస్తుంది. స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటు, అర ఆంపియర్ కూడా ఉండదు, రిలే లోపలి తీగచుట్టకు పోతుంది. అది అయస్కాంతంగా మారి లోపలి పట్టీని లాగుతుంది. అప్పుడు బ్యాటరీ నుంచి నేరుగా, దగ్గరి దారిలో, మందమైన తీగ మీదుగా బల్బుకు కరెంటు పోతుంది. డిమ్‌కు ఒక రిలే, బ్రైట్‌కు ఒక రిలే. బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్. లైట్లకు ఎర్త్ తీగ విడిగా, పెయింట్ గీకి శుభ్రం చేసిన చోట బిగించాలి. ఎర్త్ దగ్గర చాలామంది బద్ధకిస్తారు. వచ్చిన కరెంటు తిరిగి పోయే దారి కూడా అంతే బాగుండాలి. ఇంత చేశాక మామూలు 60/55 వాట్ల హాలోజన్ హెచ్4 బల్బే పెట్టినా రోడ్డు తెల్లగా కనిపిస్తుంది. అందుకే ముందు తీగ, తర్వాత బల్బు.

ఎల్‌ఈడీ బల్బు పెడితే అయిపోతుంది కదా అని కొందరు అడుగుతారు. అది కరెంటు తక్కువ తీసుకునే మాట నిజమే. కానీ పాత గుండ్రటి హెడ్‌లైట్ అద్దం, రిఫ్లెక్టర్ ఫిలమెంట్ ఉండే స్థానానికి లెక్కేసి చేసినవి. ఎల్‌ఈడీ వెలుగు అదే చోటు నుంచి రాకపోతే కాంతి చెట్ల మీదికి, ఎదుటివాడి కళ్లలోకి పోతుంది, రోడ్డు మీదికి కాదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. 1950ల నాటి బ్రిటిష్ కార్లు చాలావాటిలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది. అది చూసుకోకుండా కొత్త ఎలక్ట్రానిక్ సరుకు బిగిస్తే క్షణంలో పాడవుతుంది.

రిలే కింద ఉండే నంబర్లు ఎప్పుడైనా గమనించారా? 30, 85, 86, 87. 30 బ్యాటరీ నుంచి వచ్చేది, 87 లైటుకు పోయేది, మిగతా రెండూ తీగచుట్టవి. జర్మనీ ప్రమాణాల ప్రకారం పెట్టిన నంబర్లివి. దుబాయ్, మస్కట్ గ్యారేజీల్లో పనిచేసి వచ్చిన మన కోరుట్ల, సిరిసిల్ల కుర్రాళ్లు ఏ దేశం బండైనా ఈ నంబర్లు చూసే కనెక్షన్ ఇచ్చేస్తారు. భాషతో పని లేదు.

ఎనిమిది గంటల పని.. ఆపై సమ్మె

మళ్లీ బాష్ దగ్గరకు వద్దాం. 1906లోనే ఆయన ఫ్యాక్టరీలో రోజుకు ఎనిమిది గంటల పని పెట్టాడు. అప్పటికి జర్మనీలో పది గంటలు మామూలు. జీతాలు కూడా మిగతా చోట్ల కంటే ఎక్కువ. ఇందులో మంచితనంతో పాటు లెక్క కూడా ఉంది. ఎనిమిది గంటల షిఫ్టులు రెండు నడిపితే ఖరీదైన మిషన్లు ఖాళీగా ఉండవు, అలసిపోయిన చేతుల తప్పులూ తగ్గుతాయి. మిగతా యజమానులు ఆయన్ని ఎర్రోడంటూ వెక్కిరించారట.

పిసినారి అన్న పేరూ ఉంది. నేల మీద పడిన పేపర్ క్లిప్ చూపించి, ఇది నా డబ్బు అని పనివాళ్లను మందలించిన కథ కంపెనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఖాళీ గదిలో లైటు వెలుగుతుంటే ఊరుకునేవాడు కాదు.

అయినా 1913లో ఫ్యాక్టరీలో పెద్ద సమ్మె జరిగింది. ఇంత చేసినా నామీదే సమ్మెనా అని ఆయన మనసు విరిగింది. అప్పటిదాకా దూరంగా ఉన్న యజమానుల సంఘంలో చేరిపోయాడు. బాష్ లైట్ బయటికొచ్చిందీ అదే ఏడాది అని గుర్తుంచుకోవాలి. లోపల గొడవ, బయట విజయం.

ఆ తర్వాత ఏడాదికే మొదటి ప్రపంచ యుద్ధం. 1913లో కంపెనీ అమ్మకాల్లో 88 శాతం జర్మనీ బయటే. యుద్ధంతో అదంతా తెగిపోయింది. అమెరికాలోని ఫ్యాక్టరీని అక్కడి ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. సొంత పేరు మీద సరుకు వేరేవాళ్లు అమ్ముకుంటుంటే చూస్తూ ఉండాల్సి వచ్చింది. మరోవైపు జర్మనీ సైన్యానికి సరఫరాతో డబ్బు వచ్చింది. ఆ డబ్బు ఉంచుకోవడం ఆయనకు ఇష్టం లేదు. నెక్కార్ నదిని పడవలు నడిచే కాలువగా మార్చే పనికి, ఇతర సేవలకు కోట్ల మార్కులు ఇచ్చేశాడు.

ఇంటి కష్టం అంతకంటే పెద్దది. వారసుడు అనుకున్న కొడుకు రాబర్ట్ నరాల జబ్బుతో ఏళ్ల తరబడి మంచాన పడి 1921లో చనిపోయాడు. భార్యాభర్తల మధ్య దూరం పెరిగింది. 1927లో విడాకులు. అదే ఏడాది మార్గరెటె వోర్జ్‌ను పెళ్లి చేసుకున్నాడు. 60 దాటాక మళ్లీ ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు.

వ్యాపారంలో మాత్రం ఆగలేదు. 1914లో స్టార్టర్, 1921లో హారన్, 1926లో వైపర్. హోనోల్డ్ 1923లో చనిపోయాడు, ఆ లోటు పెద్దదే. 1927లో డీజిల్ ఇంజెక్షన్ పంపు తయారీ మొదలైంది. మన దగ్గర వడ్లు మోసే లారీకి, దున్నే ట్రాక్టర్‌కు నిజంగా బతుకునిచ్చింది ఇదే. పంపు, నాజిల్ సెట్టింగ్ అని బోర్డు పెట్టిన ప్రతి షాపు మూలం అక్కడుంది. 1926 మాంద్యంలో పెద్ద సంఖ్యలో పనివాళ్లను తీసేయాల్సి రావడంతో, ఒక్క కార్ల మీదే ఆధారపడితే కష్టమని అర్థమైంది. అందుకే డ్రిల్లింగ్ మిషన్లు, ఫ్రిజ్‌లు, రేడియోల వైపు పోయారు.

హిట్లర్ నీడలో

ఇక్కడే కథ చిక్కబడుతుంది. బాష్ ఫ్రాన్స్, జర్మనీ స్నేహంగా ఉండాలని కోరుకున్నవాడు. 1933లో హిట్లర్‌ను కలిశాడు. ఆ మనిషి మీద నమ్మకం కలగలేదు. కంపెనీలో యూదులను, ప్రభుత్వ వ్యతిరేకులను పనిలో పెట్టుకుని కాపాడారు. 1937లో హిట్లర్ వ్యతిరేకి కార్ల్ గోర్డెలర్‌ను సలహాదారుగా తీసుకున్నారు. ఆ జీతం ముసుగులోనే గోర్డెలర్ దేశాలు తిరిగి నాజీలకు వ్యతిరేకంగా పనిచేశాడు. 1944లో హిట్లర్ మీద జరిగిన హత్యాయత్నం విఫలమయ్యాక పట్టుబడి, 1945లో ఉరికంబం ఎక్కాడు.

అదే కంపెనీ అదే సమయంలో నాజీ సైన్యానికి సరుకు తయారు చేసింది. యుద్ధం మొత్తంలో దాదాపు 20 వేల మంది బలవంతపు కూలీలు, ఖైదీలు ఆ ఫ్యాక్టరీల్లో పనిచేశారు. ఎనిమిది గంటల పని పెట్టిన మనిషి పేరున్న చోట జీతం లేని బానిస పని. ఒక చేత్తో కాపాడారు కాబట్టి రెండో చేతి పని మాఫీ అయిపోదు. కంపెనీ చరిత్ర రాసిన వాళ్లు కూడా ఇప్పుడు దీన్ని దాచడం లేదు.

1940లో స్టుట్‌గార్ట్‌లో ఆయన కట్టించిన ఆస్పత్రి మొదలైంది. ఆయనకు హోమియోపతి మీద గురి, అందుకే ఆ వైద్యం కోసం కట్టించాడు. 1942 మార్చి 12న, 80 ఏళ్ల వయసులో చనిపోయాడు. తాను నమ్మని ప్రభుత్వమే ఆయనకు అధికార లాంఛనాలతో అంత్యక్రియలు చేసింది. కాదనడానికి ఆయన లేడు.

ఆస్తి ఏమైందన్న ప్రశ్నకు జవాబు ఆయన వీలునామాలో ఉంది. లాభం సమాజానికి ఉపయోగపడాలని రాశాడు. దాని ప్రకారం 1960లలో కంపెనీ వాటాలను ఒక ధర్మసంస్థకు మార్చారు. ఇప్పటికీ 90 శాతానికి పైగా వాటా ఆ సంస్థదే. చదువుకు, వైద్యానికి, పరిశోధనకు ఆ డబ్బు పోతుంది. అంటే స్టాక్ మార్కెట్లో జర్మనీ బాష్ షేర్లు కొందామంటే దొరకవు. మన దేశంలో లిస్టయిన బాష్ లిమిటెడ్ వేరే కంపెనీ.

ఆ ఇండియా కథ కూడా పాతదే. 1922లోనే కలకత్తాలో ఏజెన్సీ ద్వారా బాష్ సరుకు అమ్మకం మొదలైంది. ఆయన పోయిన తొమ్మిదేళ్లకు, 1951లో, మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పుట్టింది. బెంగళూరు ఆడుగోడిలో ఫ్యాక్టరీ. పూర్తి పేరు ఎవరూ పలకలేదు, అందరికీ అది మైకో. జగిత్యాలలో బండి స్టార్ట్ కాకపోతే ప్లగ్గు విప్పి, కొసన మసి గీకి, ఊది మళ్లీ బిగించిన తరానికి ఆ పేరు ఇంటి మనిషి పేరంత దగ్గర. 2008లో అది బాష్ లిమిటెడ్‌గా మారింది. డబ్బా మీద వలయంలో ఉండే గుర్తు మాత్రం 1918 నుంచి అదే. మాగ్నెటో లోపల తిరిగే తీగచుట్ట బొమ్మ అది. గీసింది గాట్లబ్ హోనోల్డ్.